ఒంటిచేతి భూవ్యాపారము



మాది ప్రకాశము జిల్లాలోని కొత్తపట్నము. ఒంగోలునకు తూర్పుగా సముద్రతీరమున నున్న ఊరు. ఇసుక నేలలు, సరుగుడు తోటలు, వేరుసెనగ, రొయ్యల చెరువులు, చేపలవేట - ఇవి మా చుట్టుపట్ల వారికి జీవనాధారములు. 1937వ సంవత్సరపు వేసవిలో మా ఊరియందు రాజకీయ, ఆర్థికశాస్త్ర పాఠశాల నొకదానిని నెలకొల్పగా నాటి ప్రభుత్వము దానిని నిషేధించిన సంగతి పెద్దలలో చాలమంది వినియే యుందురు. డబ్బు ఎట్లు పుట్టును, ఎవరి చేతికి చేరును అను విచారము మా ఊరికి క్రొత్తది కాదని చెప్పుటకే దీనిని జ్ఞాపకము చేసితిని. నేడు నేను చెప్పబోవునది అంత పెద్ద విషయము కాదు. ఒక మనుష్యుడు కూటమి లేక, కంపెనీ లేక, తన పేరనే, తన పూచీమీదనే పొలములను, ఇండ్లస్థలములను కొని అమ్ముటను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. ఈ వ్యాపారమును నేను స్వయముగా చేసితిని. అందలి లాభమును చూచితిని, నష్టమును చూచితిని. నష్టమువలన నేర్చుకొన్నదానినే మీముందర ఉంచుచున్నాను.

భూమి కొనుట మనకు క్రొత్త గాదు. మిరపకు ధర పలికిన యేడు, పత్తి చేతికి వచ్చిన యేడు, పొగాకు బాగుగా అమ్ముడుపోయిన యేడు మన రైతు చేయు మొదటి పని పక్కచేను బేరమాడుటయే. అది దున్నుకొనుటకు కొనునట్టి భూమి. ధర పెరుగకున్నను దానిమీద పంట పండును, బిడ్డలకు మిగులును. నేను చెప్పుచున్నది మరియొక రకము. దున్నుటకు గాక, తిరిగి అమ్ముటకే కొనుట. ఈ రెండింటికిని దస్తావేజు ఒకటే, రిజిస్ట్రారు కచ్చేరీ ఒకటే, నేలయు ఒకటే. కావున చాలమంది ఇవి రెండును ఒకటే యని భ్రమపడుదురు. కాని దున్నువానికి కాలము మిత్రుడు. అప్పుచేసి అమ్మకమునకై కొన్నవానికి కాలము శత్రువు.

ఒంటిచేతి వ్యాపారమున సుఖము లేకపోలేదు. బేరము కుదిరినచో మరియొకని అడుగ నక్కరలేదు. భాగస్థుల తగవులు లేవు. లాభమంతయు తన సంచిలోనికే వచ్చును. బోర్డు వ్రాయించి కొట్టు తెరచిన మాత్రమున ఎవడైనను ప్రొప్రైటరు అనిపించుకొనవచ్చును. ఇట్టి సుళువు చూచియే నేనును ఇందులో దిగితిని. కాని ఒక్క సంగతి నాకు నాడు ఎవరును చెప్పలేదు. చెప్పినను విని యుండనేమో. అది యేమనగా: చట్టము దృష్టిలో ప్రొప్రైటరు వేరు, అతని వ్యాపారము వేరు కాదు. బోర్డుమీద ఏ పేరు వ్రాసినను ఆ పేరునకు ప్రత్యేకమైన ప్రాణము లేదు. వ్యాపారపు అప్పు ఆ మనుష్యుని అప్పే. అప్పులవాడు డిక్రీ పొందినచో వ్యాపారమునకై కొన్న స్థలమునే గాక, అతడు కాపురమున్న ఇంటిని, అతని వాటా పొలమును సైతము జప్తునకు కోరవచ్చును. సేద్యగానికి అతని నివాసమును గూర్చి చట్టము కొంత రక్షణ ఇచ్చును గాని, వ్యాపారమునకై తాకట్టుపెట్టిన ఇంటికి ఆ రక్షణను నమ్ముకొనరాదు.

కంపెనీ సంగతి వేరు. రిజిస్టరయిన కంపెనీ చట్టరీత్యా ప్రత్యేక వ్యక్తి. వాటాదారుడు పెట్టిన సొమ్ము పోవును గాని సామాన్యముగా అతని ఇంటిమీదికి అప్పు రాదు. 2013 నాటి కంపెనీల చట్టము ఒక్క మనుష్యుడే కంపెనీగా ఏర్పడుటకును వీలు కల్పించినది. ఐనను బ్యాంకులు అప్పిచ్చునపుడు యజమానుని స్వంత జామీనును తరచుగా అడుగును. ఆ సంతకము పడెనా, కట్టిన గోడకు మనమే ద్వారము తెరచినట్లగును. కావున పేరు మార్చుకొనుటతోనే పని తీరదు. ఏ కాగితముమీద సంతకము చేయుచున్నామో తెలిసికొనవలెను.

ఇక నా కథ చెప్పెదను. 2015లో మా ఊరి సమీపమున రెండెకరముల నేల అమ్మకమునకు వచ్చెను. ఆ దినములలో తీరమంతటను వదంతులే. రేవు వచ్చునని యొకరు, రోడ్డు వెడల్పగునని యొకరు, పట్టణమువారు విశ్రాంతి గృహములు కట్టుదురని మరియొకరు చెప్పుకొనుచుండిరి. అమ్మువారు ఇద్దరన్నదమ్ములు. వారి తండ్రి గతించెను. నేల పితృార్జితము. ధర 24 లక్షలకు కుదిరెను. నాయొద్ద 12 లక్షలుండెను. మిగిలిన 12 లక్షలు ప్రోనోటు వ్రాసి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిని. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు సుమారు 1,80,000 అయ్యెను. అప్పిచ్చినవాడు జామీను కోరగా, నా భార్యచేత సంతకము చేయించితిని. పెండ్లినాడు పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద ఆమెకు అర ఎకరము మాగాణి ఇచ్చియుండిరి. ఆ కాగితములో ఏమున్నదో ఆమెకు చదివి వినిపింపలేదు. ఆమెయు అడుగలేదు.

పెద్దలు ఇక్కడ ఒక లెక్క చూడవలెను. పండ్రెండు లక్షలకు నెలకు వడ్డీ 24,000. ఏడాదికి 2,88,000. అనగా ఏడాది తిరుగునప్పటికి ఆ నేలను 28,68,000లకు అమ్మిననే నాకు నష్టము లేకుండును. మూడేండ్లు ఆగినచో 34,44,000లకు అమ్మవలెను. ఇందు నా స్వంత సొమ్మునకు వడ్డీ లేదు, నా తిరుగుడు ఖర్చు లేదు. ఊరివారు "నీవు కొన్నది పది లక్షలు పెరిగినది" అని పొగడుచుండగా నిజమునకు నేను నిలిచినచోటనే నిలిచియుందును. ఈ లెక్కను కొనక మునుపు కాగితముమీద వేసికొన్నవారు మాలో మిక్కిలి తక్కువ. నేనును వేసికొనలేదు.

2016 అక్టోబరులో ఒంగోలునుండి ఒకరు వచ్చి నేల చూచి, మంచి ధరకు ఒప్పుకొని బయానా ఇచ్చెదననిరి. నవంబరు 8వ తేదీ రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటన వెలువడెను. ఆ బేరము అంతటితో ఆగిపోయెను. ఆ శీతకాలమున మా ప్రాంతమున భూముల క్రయవిక్రయములు దాదాపు స్తంభించెను. సరే, నాలుగు నెలలు ఓపిక పట్టుదమనుకొంటిని. ఇంతలో, 2017 మొదట, అన్నదమ్ముల తోబుట్టువు ఒంగోలు కోర్టులో భాగపంపిణీ దావా వేసెను. తండ్రి ఆస్తిలో తనకును భాగము కలదనియు, తన సంతకము లేక జరిగిన అమ్మకము తన వాటాకు చెల్లదనియు ఆమె వాదము.

ఆమె వాదము న్యాయమైనదే. మన ఆంధ్రరాష్ట్రమున అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానముగా హక్కునిచ్చు సవరణ 1985 సెప్టెంబరు 5 నుండియే అమలునకు వచ్చినది. తరువాత 2005లో కేంద్రచట్టము దేశమంతటను వివాహితలు, అవివాహితలు అను భేదము లేకుండ కుమార్తెల కందరకు ఆ హక్కును ఇచ్చినది. 2020లో సుప్రీముకోర్టు దానిని మరింత స్పష్టపరచినది. ఐనను మన గ్రామములలో "ఆడపడుచునకు పెండ్లిలో ఇచ్చితిమి, ఇంకేమి భాగము" అను మాటతోనే నేటికిని బేరములు జరుగుచున్నవి. నేనును ఆ మాటను నమ్మితిని. నేను ఇన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయించి చూచి, అందు ఏమియు లేదని ధైర్యపడితిని. అందు రిజిస్టరయిన వ్యవహారములు మాత్రమే కనబడును. తోబుట్టువు హక్కు అందు కనబడదు. నోటిమాట పంపకములు కనబడవు. వారసుల జాబితా చూడవలసినది ఆ సర్టిఫికెట్టులో గాదు, ఆ ఇంటి గడపలో.

దావా నడుచుచుండగా ఆ నేల కొనువాడు ఎవడును లేడు. కొన్నవాడు కూడ ఆ దావా ఫలితమునకు కట్టుబడవలసినదే యని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. అమ్మిన అన్నదమ్ములమీద నాకు హక్కు లేకపోలేదు. కాని హక్కు వేరు, చేతికివచ్చు సొమ్ము వేరు. వారు ఆ సొమ్మును అప్పటికే ఖర్చుపెట్టిరి. నేను మొదటి పదునెనిమిది నెలలు వడ్డీ కట్టితిని, తరువాత కట్టలేకపోతిని. ప్రోనోటునకు మూడేండ్ల గడువు. ఆ గడువు దాటకముందే 2018లో అప్పిచ్చినవాడు నామీదను, జామీనుదారు నా భార్యమీదను దావా వేసి, మా ఇంటిని జప్తు చేయవలసినదిగా కోరెను. కోర్టు బంట్రోతు నోటీసు తెచ్చి ఆమె పేరు పిలిచిననాడు నా భార్య నావైపు చూచి, "ఆ కాగితములో ఏమున్నదో నాడు చదివి వినిపింపకపోతిరే" అని మాత్రము అనెను. నా నోటికి బదులు రాలేదు.

మా ఊరి పెద్దలు కల్పించుకొని రాజీ చేసిరి. తోబుట్టువునకు మూడవ వంతు, అనగా అరువదియారు సెంట్ల నేల విడిచితిని. దానిని నోటిమాటగా గాక కోర్టులో రాజీ డిక్రీగా వ్రాయించితిమి. మిగిలిన ఎకరము ముప్పదినాలుగు సెంట్లను 2019లో ఎకరము 12 లక్షల చొప్పున, అనగా కొన్న ధరకే అమ్మితిని. 16,08,000 వచ్చెను. అసలు 12 లక్షలు, నిలిచిన రెండున్నరేండ్ల వడ్డీ 7,20,000, వెరసి 19,20,000 బాకీ. తక్కువపడిన 3,12,000లకు నా భార్య అర ఎకరము మాగాణి అమ్ముడుపోయెను. ఇల్లు దక్కెను. నేను చేసిన వ్యాపారమునకు ఆమె పుట్టింటి నేల చెల్లిపోయెను. ఇదియే ఒంటిచేతి వ్యాపారము యొక్క అసలు స్వరూపము. చేయి ఒక్కటే గాని, దెబ్బ ఇల్లంతకును తగులును.

ఇది నా ఒక్కని అవివేకమే యని తలపవలదు. 2014లో క్రొత్త రాజధాని ఎక్కడ వచ్చునోయను ఊహలమీద మన జిల్లాలోని దొనకొండ పరిసరములలో భూములకు గిరాకి లేచెను. తుదకు రాజధాని కృష్ణాతీరమునకు నిశ్చయమైనది. అమరావతి ప్రాంతమున ఆకాశమునంటిన ధరలు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వెలువడగానే క్రుంగెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప మరల ఆశ చిగిరించినది. స్వంత సొమ్ముతో కొని దాచుకొన్నవారు ఈ అయిదేండ్లును ఓర్చుకొనగలిగిరి. వడ్డీకి తెచ్చి కొన్నవారికి ఆ ఓర్పు ఎక్కడిది? ప్రభుత్వ నిర్ణయము మారవచ్చును, మరల మారవచ్చును. ప్రోనోటుమీది తేదీ మారదు.

ఐతే ఈ వ్యాపారము మానుకొనవలెనా? అని మీరు అడుగవచ్చును. నేను మానలేదు. చిన్నదిగా, జాగ్రత్తగా చేయుచున్నాను. చట్టము కట్టని గోడను మనమే కట్టుకొనవలెనని నేర్చుకొంటిని. ఆ గోడ ఎట్లు కట్టవలెనో చెప్పెదను.

మొదటిది: కాపురమున్న ఇల్లు, భార్య నేల, ఆమె బంగారము - వీనిని వ్యాపారపు తాకట్టునకు, జామీనునకు తేరాదు. భర్త అప్పునకు భార్య స్వంత ఆస్తి దానంతట అది బాధ్యత వహింపదు. ఆమె సంతకము చేసిననే వహించును. కావున ఆ సంతకము అడుగకుండుటయే మగవాని ధర్మము. అప్పు తప్పనిసరియైనచో, ఆ నేల అమ్ముడుపోకున్నను ఎన్ని నెలలు వడ్డీ కట్టగలమో ముందుగా లెక్కవేసికొనవలెను.

రెండవది: వ్యాపారమునకు ప్రత్యేకమైన బ్యాంకు ఖాతా, ప్రత్యేకమైన పద్దుపుస్తకము ఉండవలెను. ఇంటి ఖర్చు, పంట సొమ్ము అందు కలుపరాదు. ప్రొప్రైటరు లాభము అతని స్వంత ఆదాయముగానే పన్నునకు లోబడును. గ్రామమందలి వ్యవసాయ భూమిని రైతు అమ్మినపుడు పన్ను లేకపోవచ్చును. అదే నేలను సరకుగా కొని అమ్మువాడు ఆ మినహాయింపును ఆశించరాదు. మరియొక మాట. 2015 నుండి స్థిరాస్తి బేరములలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట నిషిద్ధము. పుచ్చుకొన్నంత సొమ్మును జరిమానాగా విధింపవచ్చును. సంచులతో బయానా లిచ్చిపుచ్చుకొను పాత అలవాటు మానవలెను.

మూడవది: నేల పుట్టుపూర్వోత్తరములు. అడంగలు, వన్-బి, పాత దస్తావేజుల వరుస, సర్వే హద్దులు చూచుటతోపాటు ఇంటివారి వంశవృక్షము వ్రాయించుకొని కుమార్తెలందరి సంతకములును తీసికొనవలెను. పేదలకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సవరణలు కొందరికి షరతులతో సడలింపు ఇచ్చినవి గాని, రిజిస్ట్రారు కచ్చేరీలోని నిషేధిత భూముల జాబితా చూడక అట్టి నేల ముట్టరాదు. జనరల్ పవరాఫ్ అటార్నీ వ్రాయించుకొని అదియే కొనుగోలు అనుకొనరాదు; దానివలన యాజమాన్యము రాదని 2011లో సుప్రీముకోర్టు తేల్చి చెప్పినది.

నాలుగవది తీరవాసులకు ముఖ్యము. సముద్రతీర నియంత్రణ ప్రకటన మొదట 1991లో వెలువడెను. 2011లోను, 2019లోను దానిని మార్చిరి. పల్లెతీరములలో పోటుగీతనుండి 200 మీటర్ల మేర సామాన్యముగా నిర్మాణ నిషిద్ధ మండలము. జనము మిక్కిలి దట్టముగానున్న పల్లెలకు కొన్ని షరతులతో అది 50 మీటర్లకు తగ్గును. ఆ గీత ఎక్కడున్నదో అధికారుల పటములో చూడవలెను గాని, అమ్మువాడు వ్రేలితో చూపినచోట గాదు. ఆ మండలములోని రొయ్యల చెరువులను తొలగింపవలసినదిగా 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినపుడు, తీరమున పెట్టుబడి పెట్టినవారెందరో కలవరపడిరి. అలలు కనబడు స్థలమునకు ధర యెక్కువ. కాని ఇల్లు కట్టరాని స్థలమునకు కొనువాడెవడు?

అయిదవది: నేలను ముక్కలుచేసి ఇండ్లస్థలములుగా అమ్మదలచినవాడు ఒంటివాడైనను చట్టము అతనిని ప్రమోటరుగానే చూచును. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము, 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు, మించిన లేఅవుటును రేరా అను సంస్థయొద్ద నమోదు చేయించక ప్రకటింపరాదు, అమ్మరాదు. కొనువారి సొమ్ములో నూటికి డెబ్బదివంతులు ప్రత్యేకఖాతాలో ఉంచవలెను. రిజిస్టరయిన ఒప్పందము లేక ధరలో పదవవంతునకు మించి పుచ్చుకొనరాదు. ఇవి కొనువానికి రక్షణలు. స్థలము కొనబోవు మీ బిడ్డలకును ఈ మాట చెప్పుడు.

చివరిది: ప్రొప్రైటరు కన్నుమూసినచో వ్యాపారము అంతటితో ఆగును, ఆస్తియు అప్పులును వారసులముందు నిలుచును. వారసులు తమకు సంక్రమించిన ఆస్తిమేరకే ఆ అప్పులకు బాధ్యులు. కాని ఏ కాగితము ఎక్కడున్నదో, ఎవరికి ఎంత ఇయ్యవలెనో తెలియనిచో, వచ్చినవాడు చెప్పినదెల్ల నమ్మవలసి వచ్చును. కావున వీలునామా వ్రాసి, దస్తావేజుల జాబితాను, బాకీల జాబితాను ఇంటివారికి తెలియజేసి యుంచవలెను. నేను ఇప్పుడు ప్రతి ఉగాదికిని ఆ జాబితా తిరగవ్రాసి, నా భార్యకు చదివి వినిపించుచున్నాను.

పెద్దలకొక విన్నపముతో ముగించెదను. నా దస్తావేజుమీద సాక్షిగా సంతకము చేసినవారు మా ఊరి వృద్ధులొకరు, నాకు పెదనాన్న వరుస. రాజీ జరిగిన రాత్రి వారు నన్ను పిలిచి, "అబ్బాయీ, సాక్షి సంతకము చేసినవాడు నేలకు పూచీ కాడని చట్టము చెప్పునట. కాని నా వ్రాలు చూచియే నీవు నమ్మితివి. వారికొక ఆడపడుచు ఉన్నదని నాకు తెలియును. నాడు ఒక్క మాట అనవలసినది; అనలేదు" అని కన్నీరు పెట్టుకొనిరి. వారిది నేరము కాదు. అడుగవలసినవాడను నేను. ఐనను ఆ ఒక్క మాట మా ఇంటి మాగాణిని నిలిపియుండెడిది.

మీయొద్దకును కుర్రవాండ్రు దస్తావేజులు పట్టుకొని సాక్షి సంతకమునకు వచ్చుచుందురు. కలము పట్టుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు: "ఆ ఇంటి ఆడపడుచులు సంతకము చేసిరా? అప్పు ఎంత, వడ్డీ ఎంత? నీ భార్యకు ఈ సంగతి తెలియునా?" బదులు సరిగా వచ్చినచో సంతోషముగా సంతకము చేయుడు. రానిచో ఆ కుర్రవానిని ఆ పూటకు ఇంటికి పంపుడు. ఒక దినము ఆలస్యమైనంతమాత్రమున పోవు బేరము, పోవుటయే మేలు.